నాయన కోటుకు అల్లిన పట్టీ

కువైట్‌లో, మహబూలాలో మా పక్క గదిలో ఉండే అమ్మాయిది అమలాపురం వైపు. చలికాలంలో ఉతికిన స్వెట్టరు బాల్కనీలో ఆరదని, హీటరు ముందు కుర్చీ వేసి దాని వీపుమీద పరుస్తుంది. ఊలు వేడెక్కేకొద్దీ వానకు తడిసిన గొర్రెల మంద వాసన లేస్తుంది. దాని వెనకాలే సబ్బు వాసన, హీటరు తీగమీద కాలే దుమ్ము వాసన కలిసి నా గదిలోకి వస్తాయి. “వాసనొత్తందాండీ? తీసేయమంటారా?” అని ఆ పిల్ల మొహమాటపడుతుంది. వద్దులే అంటాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు హవల్లీలో మా ఇంటి తలుపూ, దానికి ఎదురుగా ఉన్న ఇంకో తలుపూ గుర్తొస్తాయి. మొదట్లో రెండూ తెరిచే ఉండేవి. తర్వాత రెండూ మూసుకున్నాయి.

మాది రాజంపేట దగ్గరి పల్లె. నాయన ఏసీ మెకానిక్కుగా కువైట్ వచ్చి, ఫ్యామిలీ వీసా దొరికాక అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. హవల్లీలో ఆ బిల్డింగు మెట్లమీదే నా బాల్యమంతా గడిచింది. ఖర్జూరం గింజలు కడిగి ఆరబెట్టి, గచ్చకాయల బదులు వాటితోనే ఆడుకునేవాళ్లం. ఎండాకాలం తోజ్ అనే ఇసుకగాలి లేచి ఊరంతా పసుపు ముద్దలా మారినప్పుడు, తలుపుల కింద తడిగుడ్డలు కుక్కి, ఇసుక పళ్లకింద కరకరమంటుంటే నవ్వుకునేవాళ్లం. మొదటి వాన పడగానే మెట్ల కిటికీ దగ్గర తలలన్నీ గుమిగూడేవి. ఉగాదికి వేపపువ్వు దొరక్క అమ్మ కాకరకాయ చెక్కు కలిపి పచ్చడి చేసేది. ఓళిగలు కాల్చి, నెయ్యి రాసి, మొదటి పళ్లెం నా చేతికిచ్చి ఎదురింటికి పంపేది.

ఎదురింట్లో ఉమ్ నబీల్ ఉండేది. నబీల్ తల్లి అని దానర్థం. అరబ్బులు పెద్దవాళ్లను పిల్లల పేర్లతో పిలుస్తారు కాబట్టి, మా అమ్మ రవణమ్మ ఆమెకు ‘ఉమ్ పద్మా’ అయింది. వాళ్లది పాలస్తీనా. భర్త ఎప్పుడో పోయాడు. నబీల్ ఏదో బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆమె వంకాయలూ కాలీఫ్లవరూ వేయించి అన్నంలో పెట్టి గిన్నె బోర్లించే రోజున వాసన పై అంతస్తు దాకా పాకేది. చలికాలం గుమ్మంలో కుర్చీ వేసుకుని, మరమియా ఆకు వేసిన టీ పక్కన పెట్టుకుని, ఒక అల్లిక పుల్లను చంకలో బిగించి రెండోదాన్ని ఆడిస్తూ, మెట్లెక్కే ప్రతివాణ్ణీ పలకరించేది. ఆమెకు తెలియకుండా ఆ బిల్డింగులోకి పిల్లి కూడా వచ్చేది కాదు. అప్పట్లో అది మాకు ధైర్యంగా ఉండేది. తర్వాత అదే భయమైంది.

1990 ఆగస్టులో ఒక పొద్దున ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. మా వీధి చివరి పోలీసు స్టేషను మీద జెండా మారింది. బడులు తెరవలేదు. వారం వారం బిల్డింగు ఖాళీ అవుతూ వచ్చింది. మనవాళ్లంతా బస్సులు పట్టుకుని ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయి, అక్కణ్ణుంచి విమానాలెక్కుతున్నారని విన్నాం. మేము పోలేదు. అమ్మ కడుపుతో ఉంది. ఎడారిలో గుడారాల కింద, నీళ్లకోసం వరసలో నిలబడి కాన్పయితే ఎట్లా అని నాయన వెనకాడాడు. బిడ్డ పుట్టాక పోదామన్నాడు. బిడ్డ పుట్టేసరికి దారులు మూసుకుపోయాయి.

లక్షుమ్మ పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమెదీ మా పక్క ఊరే. ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆమె మామా అని పిలిచే యజమానురాలూ వాళ్లంతా ఎండాకాలం సెలవులకు వేరే దేశం పోయి అక్కడే చిక్కుకుపోయారు, ఆ ఇంట్లో సైనికులు దిగారు. ఈమె చీరల మూట చంకన పెట్టుకుని, ఎండలో నడుచుకుంటూ మా గుమ్మం ముందు కూలబడింది. చేతి పని చురుకు, నోరు ఇంకా చురుకు. మా ఇంటి తలుపు మొదట మూసింది ఆమే.

“ఏమ్మే రవణమ్మా, తలుపు బార్లా తెర్సి పెట్నావు? ఎదురింట్లో ఎవురుండారో సూస్తాండావా? ఆయమ్మ కొడుకు కారుకు ఇరాకోళ్ల కొత్త నెంబరు పలక ఏసినారంట. ఊరికే ఏస్తారా వాళ్లు?”

కారు నడపాలంటే కొత్త పలక తప్పదని నాయన చెప్పి చూశాడు. పెద్దమ్మ వినలేదు. పాలస్తీనా నాయకులు ఇరాక్ పక్షం పలికారని అప్పటికే ఊరంతా అనుకుంటున్నారు. అంతలోనే రెండో అంతస్తులో ఇంకో సంగతి జరిగింది. అక్కడ ఒక కువైటీ ఆయన ఎవరో స్నేహితుడి ఫ్లాట్లో దాక్కుని ఉన్నాడట. మాకు తెలియనే తెలియదు. ఒక మధ్యాహ్నం బూట్ల చప్పుడు మెట్లెక్కింది, నేరుగా ఆ తలుపు దగ్గరే ఆగింది. ఆయన్ను దించుకుపోతుంటే అమ్మ నా నోరు తన అరచేత్తో మూసి గోడకు ఆనించి పట్టుకుంది. సైనికులు ఏ తలుపూ తట్టకుండా సరిగ్గా ఆ ఇంటికే ఎట్లా పోయారు? ఎవరో చెప్పి ఉండాలి. ఎవరు?

అప్పటినుంచి ఆ ప్రశ్న మా మెట్లమీద కాపురం పెట్టింది. కింది బకాలాలో, అదే సరుకుల కొట్లో, ఉండే అతను చక్కెర తూచేటప్పుడు మొహంలోకి చూడడం మానేశాడు. పక్కింటి గోడకు ఎవరైనా మేకు కొట్టినా రేడియో దాస్తున్నారేమో అనుకునేవాళ్లం. మేము బీబీసీ వినేటప్పుడు కుక్కరు పెట్టి, దాని కూతచాటున వినేవాళ్లం. అమ్మ ఎదురింటికి పళ్లెం పంపడం ఆగిపోయింది. ఉమ్ నబీల్ గుమ్మంలో కుర్చీ వేయడం మానేసింది. కానీ మేము మెట్లు దిగేటప్పుడు ఆమె తలుపు కంట్లో, ఆ చిన్న గాజుబిళ్ల వెనకాల, వెలుతురు ఒక్కక్షణం ఆరి మళ్లీ వెలిగేది. చూస్తోందన్నమాట.

నవంబరులో తమ్ముడు పుట్టాడు. సురేంద్ర అని పేరు పెట్టి సూరి అని పిలుచుకున్నాం. ఉమ్ నబీల్ తలుపు సందులోంచి ఒక డబ్బా పాలపొడి ఇచ్చి, పేరేమిటని అడిగి, విని పకపకా నవ్వింది. అరబ్బీలో సూరీ అంటే సిరియా దేశంవాడని అర్థమట. “హిందీల ఇంట్లో సిరియావాడు పుట్టాడు” అంది. హిందీలంటే మన దేశంవాళ్లు. ఆ పాలపొడిని పెద్దమ్మ వేలితో కలిపి, నాలుక మీద వేసుకుని, కాసేపు ఆగి, తనకేమీ కాలేదని తేలాక గానీ అమ్మ చేతికివ్వలేదు.

ఆ యేడు చలి ముందే వచ్చింది. ఎడారి చలి తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. పొద్దున్నే గాలి బ్లేడులా కోస్తుంది. నాయన పొద్దుటే ఎవరి ఫ్రిజ్జో మోటారో బాగుచేసి బియ్యమో పప్పో తెచ్చేందుకు పోయేవాడు. ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చేది అమ్మ. రొట్టెల బట్టీ దగ్గర ఆడవాళ్ల వరస వేరుగా, కాస్త పొట్టిగా ఉండేది. అయినా గంటలు పట్టేది కాబట్టి, పాలు తాగే పిల్లవాణ్ణి ఇంట్లో వదలడం కుదరదు. అమ్మ సూరిని పాత చీరతో రొమ్ముకు కట్టుకుని, పైన నాయన నల్లకోటు వేసుకునేది. నేను సంచీ పట్టుకుని వెంట పోయేదాన్ని. కోటు పెద్దదే, కానీ పిల్లవాడి మీదుగా గుండీలు కలిసేవి కావు. మధ్యలో జానెడు సందు ఉండిపోయేది. అమ్మ రెండంచులూ చేత్తో లాగి పట్టుకుని నడిచేది.

పోలీసు స్టేషను ముందు కూడలిలో సైనికులు ఉండేవాళ్లు. ఆడవాళ్లు బట్టల్లో తుపాకులూ కాగితాలూ దాచి తీసుకుపోతున్నారని వాళ్ల అనుమానం. ముందుకు ఉబ్బిన నల్లకోటు, దాన్ని గట్టిగా పట్టుకున్న చెయ్యి. ఇంకేం కావాలి? దూరంనుంచే అరిచేవాళ్లు. తుపాకి గొట్టంతో కోటు అంచు పక్కకు జరిపేవాళ్లు. “బేబీ, బేబీ” అని అమ్మ కోటు విప్పి చూపేది. చలిగాలి నేరుగా పిల్లవాడి మీద కొట్టేది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నాలుగు రోజులకు సూరికి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు ఈల వేసినట్టు ఊపిరి తీసేవాడు. పెద్దమ్మ వామాకు లేదని వాపోతూ, వేడిచేసిన ఉప్పు మూటకట్టి వాడి రొమ్ముమీద కాపడం పెట్టేది.

ఒకరోజు మేము రొట్టెలతో మెట్లెక్కుతుంటే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఉమ్ నబీల్ అమ్మకు అడ్డంగా నిలబడి కోటు ఇమ్మని చెయ్యి చాచింది. అమ్మ అంచులు ఇంకా దగ్గరికి లాక్కుంది. లోపలినుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. “ఇయ్యొద్దుమే! దాంట్లో కాగితమేదన్నా కుట్టి పెడ్తే మన గతేంది?” మాట తెలియకపోయినా ఆ గొంతు ఉమ్ నబీల్‌కు అర్థమయినట్టే ఉంది. ఆమె మొహం ఎర్రబడింది. చెయ్యి దించి, జేబులోంచి ఊలు దారం ముక్క తీసింది. కోటు అమ్మ ఒంటిమీద ఉండగానే ఆ సందు మీద దారం పరిచి, పైన ఒక ముడి, పిల్లవాడి వీపు దగ్గర ఒక ముడి, కింద ఒక ముడి వేసుకుంది. గుండీకీ గుండీకీ మధ్య దూరం వేళ్లతో కొలుచుకుంది. అమ్మ కట్టెలా బిగుసుకుని నిలబడింది. కొలవడం కాగానే ఆమె “ఖలాస్” అని తలుపు వేసుకుంది.

వారం తిరక్కుండానే పట్టీ వచ్చింది. పైన వెడల్పుగా, కిందికి సన్నబడుతూ, ఒక అంచున గుండీలు, ఇంకో అంచున కాజాలు. కోటు అటు అంచుకూ ఇటు అంచుకూ మధ్యన సరిగ్గా అతుక్కుంటుంది. పైన పిల్లవాడి తల బయటికి వచ్చేలా మెడ, దానికి మడత కాలరు. కొత్త ఊలు దొరికే రోజులు కావు. పాతవి విప్పి అల్లినట్టుంది. అడ్డచారలు ఒక ఎరుపు, ఒక తెలుపు, ఒక పచ్చ. అంచంతా నలుపు. చేత్తో పట్టుకుంటే బరువుగా, వెచ్చగా ఉండేది.

పెద్దమ్మ దాన్ని దీపం ముందు పట్టి, కన్ను కన్నూ లాగి చూసింది. కాలరు మడత పిసికింది. గుండీ ఒకటి పళ్లతో కొరికింది. తృప్తిలేక బకెట్లో నీళ్లు పోసి పట్టీని ముంచింది, కాగితముంటే సిరా కక్కుతుందని. ఏమీ కక్కలేదు. హీటరు ముందు ఆరేస్తే ఇల్లంతా గొర్రె వాసన. ఆరాక కూడా కొన్నాళ్లు కొక్కేనికి వేలాడుతూనే ఉంది. చివరికి ఒక పొద్దున సూరి దగ్గి దగ్గి నీలంగా మారితే, అమ్మ లేచి, పట్టీ తీసి, కోటుకు రెండు వైపులా గుండీలు పెట్టుకుంది. వాడు రొట్టెల వరసలో నిలబడినంతసేపూ నిద్రపోయాడు. కూడలిలో సైనికుడు కాలరులోంచి బయటికొచ్చిన చిన్న తలను చూసి, విప్పమనకుండానే చెయ్యూపాడు. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. వాడి దగ్గు తగ్గింది. అమ్మ ఎదురింటి తలుపు దగ్గర ఒక్కక్షణం ఆగేది. తట్టేది కాదు.

తర్వాత ఆ కూడలికి కొత్త అధికారి ఒకడు వచ్చాడు. సన్నటి మనిషి, గడ్డం నున్నగా గీసుకునేవాడు. ఆ రోజు బట్టీ దగ్గర వరసలో మా వెనక ఉమ్ నబీల్ కూడా ఉంది. మేము మాట్లాడుకోలేదు. రొట్టెలు తీసుకుని తిరిగొస్తుంటే అతను అమ్మను ఆపి, పట్టీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క చారా దాటిస్తూ పైకి వచ్చాడు. “అలం?” అన్నాడు. జెండానా అని. అమ్మకు ఆ మాట తెలియదు. నాకు తెలుసు. ఎర్రన, తెల్లన, పచ్చన, నల్లన. కువైట్ జెండా రంగులు. అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ ఆ ఊహే రాలేదు. కాగితం కోసం వెతికిన పెద్దమ్మకు కూడా కంటిముందున్నది కనబడలేదు. ఆ జెండా ఇంట్లో దొరికితే ఏం చేస్తున్నారో అందరం విని ఉన్నాం.

“పిల్లవాడి పేరేంది?” అని అడిగాడు. అమ్మ నవ్వబోతూ “సూరి” అంది.

“సూరీ?” అతని గొంతు మారిపోయింది. సిరియా వాళ్లంటే వాళ్లకు అప్పుడు శత్రువులు. ఇద్దరు సైనికులు ముందుకొచ్చారు. ఒకడు అమ్మ భుజం పట్టుకున్నాడు. గుండీలు విప్పమన్నారు. అమ్మ ఒంటిచేత్తో లాగుతుంటే గుండీ ఊడిరావడం లేదు. పిల్లవాడు లేచి ఏడుపందుకున్నాడు.

మా వెనకే వస్తున్న ఉమ్ నబీల్ రొట్టెల సంచీ నా చేతిలో పడేసి ముందుకు వచ్చింది. రొట్టెలతో తిరిగొస్తున్న ఆడవాళ్లంతా ఒకడుగు వెనక్కి జరిగారు. ఆమె అరబ్బీ గబగబా పారింది కానీ నాకు ముక్క ముక్కా అర్థమైంది.

“అది పేరు నాయనా, దేశం కాదు. హిందీల పేరు. అల్లింది నేను.”

“ఈ రంగులు?”

ఆమె పోలీసు స్టేషను మీది జెండా వైపు చెయ్యెత్తింది. “పైకి చూడు. నీ జెండాలో ఉన్నవీ ఇవే. నా జెండాలో ఉన్నవీ ఇవే. కువైటీల జెండాలో ఉన్నవీ ఇవే. పసివాడికి ఇంకే రంగు వేయమంటావో చెప్పు, విప్పి మళ్లీ అల్లుతాను.”

అతను పైకి చూశాడు. అందరం చూశాం. తర్వాత అతను ఆమెకు ఎంతమంది కొడుకులు, ఏ బిల్డింగు, ఏ అంతస్తు అని నెమ్మదిగా అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది. నబీల్ పేరు కూడా చెప్పింది. అతను అమ్మను పొమ్మన్నట్టు తల ఊపాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే పెద్దమ్మ చప్పట్లు చరిచింది. “నేను సెప్పలా? ఆయమ్మ ఒక్క మాట సెప్తే వాళ్లు ఇడ్సిపెట్నారంటే, ఆయమ్మ వాళ్ల మనిసే!”

అమ్మ పిల్లవాణ్ణి నా ఒళ్లో వేసి వంటింట్లోకి పోయింది. ఉన్న కాస్త బెల్లం చితక్కొట్టి, శనగపప్పు లేక కందిపప్పుతోనే పూర్ణం చేసి, రెండు ఓళిగలు కాల్చింది. “గమ్మునుండు లక్షుమక్కా. నా బిడ్డ కోసరం ఆయమ్మ కొడుకు పేరు సెప్పుకునింది” అని, పళ్లెం తనే తీసుకుని పోయి ఎదురింటి తలుపు తట్టింది. గాజుబిళ్లలో వెలుతురు ఆరి వెలిగింది. తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఇప్పుడు మమ్మల్ని అనుమానించడం వాళ్ల వంతు. కాసేపటికి గొలుసు తీసిన చప్పుడయింది.

జనవరిలో అమెరికా వాళ్ల బాంబులు మొదలయ్యాయి. కిటికీలకు దుప్పట్లు కట్టి, నడవాలో ఒకే చోట ముడుచుకుని పడుకునేవాళ్లం. ఫిబ్రవరి చివర కరెంటు పోయింది. నూనెబావులు అంటుకుని పగలే దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. పట్టీలో తెల్లచార బూడిదరంగుకు తిరిగింది. ఒక పొద్దున కూడలిలో ఇరాకీ సైనికులు లేరు. జనం వీధుల్లో ఏడుస్తూ నవ్వుతూ పరిగెత్తారు. పెద్దమ్మ డాబా ఎక్కి, పొగలో కనపడని సూర్యుడికి దండం పెట్టింది.

కొన్ని రోజులకే తుపాకులు పట్టుకున్న కువైటీ కుర్రాళ్లు మా మెట్లెక్కారు. ఈసారి బూట్లు కాదు, చెప్పులు. కానీ ఆ అడుగులూ నేరుగా ఒక తలుపు దగ్గరికే పోయాయి. ఇరాకీలకు సాయం చేశాడని నబీల్‌ను తీసుకుపోయారు. ఎవరు చెప్పారు? “యెంకటేశ్వరసామి మీద ఒట్టు, నేను కాదు” అని పెద్దమ్మ మేము అడక్కముందే అంది. అమ్మ ఆమె మొహంలోకి చూసి, కోటు వేసుకుంది.

అదే కూడలిలో ఇప్పుడు కువైటీ కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అమ్మ కోటు చూడగానే ఒకడు కేక వేశాడు. “అలం! మన జెండా!” వాళ్లు సూరి నెత్తిని ముద్దు పెట్టుకున్నారు. నా చేతినిండా చాక్లెట్లు పోశారు. ఒకడు ఏడ్చాడు కూడా. అమ్మ వంటింటి అరబ్బీలో చెప్పింది. “హాదా ఉమ్ నబీల్ శుగుల్. ఉమ్ నబీల్ జైన్. నబీల్ జైన్.” ఇది ఉమ్ నబీల్ పని, ఆమె మంచిది, నబీల్ మంచివాడు.

“ఫలస్తీనీయా?” అని ఒకడు అడిగాడు. అమ్మ అవునంది. నవ్వులు ఆరిపోయాయి. ఏడ్చిన కుర్రవాడు పట్టీని మళ్లీ చూశాడు, ఇప్పుడు వేరే కళ్లతో. ఇంటికి పొమ్మన్నారు. అమ్మ మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. అదే కోటు, అవే మాటలు. నాయన భయపడి వద్దన్నా ఆగలేదు.

నబీల్ తిరిగొచ్చాడు. కుడిచెయ్యి వంకరగా కట్టుకట్టి ఉంది. మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోతే నాయనా అమ్మా చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. అమ్మ మాట పనిచేసిందో, ఇంకెవరి దయో మాకు తెలియదు. ఎండాకాలం వచ్చేసరికి వాళ్ల ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే అనుమతులు, మళ్లీ ఇచ్చేది లేదన్నారు. వాళ్లు జోర్డాన్‌లోని అమ్మాన్ పోవాలి. టాక్సీ మీద పరుపులు కడుతుండగా అమ్మ ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట నాతో అడిగించింది. ఆ పట్టీలో ఏ జెండా అల్లావని.

ఉమ్ నబీల్ నన్ను వింతగా చూసింది. “ఏ జెండా? నా దగ్గర ఉన్న ఊలు అది. పిల్లవాడికి చలేస్తోంది” అంది. టాక్సీ ఎక్కేముందు పెద్దమ్మకు కూడా చేతులు చాచింది. పెద్దమ్మ ఆ కౌగిట్లోకి పోయి, తల ఎత్తకుండా చాలాసేపు నిలబడింది.

వాళ్లు పోయాక మళ్లీ ఏ కబురూ లేదు. లక్షుమ్మ పెద్దమ్మ ఊరికి తిరిగిపోయి రాజంపేటలోనే చనిపోయింది. సూరి ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు, వాడికి ఇదంతా మేము చెప్పిన కథే. నేను మళ్లీ ఉద్యోగానికి కువైట్ వచ్చి ఏళ్లయింది. పోయిన చలికాలం ఒక శుక్రవారం హవల్లీ పోయాను. మా బిల్డింగు లేదు. అక్కడ అద్దాల భవనం లేచింది, మెట్లకు బదులు లిఫ్టులు. రొట్టెల బట్టీ చోట ఫోన్లు అమ్ముతున్నారు. ఆ వీధిలో అప్పుడు గుప్పుమనే మరమియా టీ వాసన లేదు. ఉమ్ నబీల్ మాట్లాడే ఆ సాగదీసే అరబ్బీ ఎవరి నోటా వినపడలేదు. గేటులోంచి కనిపించే వరండాలో తలుపులన్నీ ఒకేరకంగా మూసి ఉన్నాయి.

గేటు దగ్గర కుర్చీలో ఉన్న కాపలాదారు పెద్దవాడిలా కనిపిస్తే, ఈ చోట ఉన్న పాత బిల్డింగు తెలుసా, మూడో అంతస్తులో ఉన్న పాలస్తీనా ఆమె గురించి ఎప్పుడైనా విన్నావా అని అడిగాను.

అతను లేచి నిలబడ్డాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఎందుకడుగుతున్నావు? నిన్నెవరు పంపారు?” అన్నాడు.

ఎవరూ పంపలేదన్నాను. నేను వీధి మలుపు తిరిగేదాకా అతను గేటు వదలకుండా నావైపే చూస్తూ నిలబడ్డాడు.